ఉత్త గొంతు

అయినా చెరిపేశాం అనుకోవడం మనుషులకు ఎంత తేలికో అని నాలో నేను అనుకుంటూ ఉండగానే, కరీముల్లా గారు నా పై మూత కూడా ఊడదీశారు. నేను ఒక హార్డ్ డిస్కును. కంప్యూటరు కడుపులో కుదురుగా ఉండే జాతి కాదు, బయట తీగకు వేలాడే జాతి. అరచేతిలో ఇమిడే నల్లని పెట్టె, ఒక పొట్టి తీగ, పని చేస్తున్నప్పుడు మిణుకుమనే ఒక దీపం. అంతకు మించి నా గురించి చూడటానికి ఏమీ లేదు. ఇప్పుడు రాజమండ్రిలో ఒక మేడ మీద, ఈ కరీముల్లా గారి రిపేరు గదిలో, ఆకుపచ్చ రబ్బరు పరిచిన బల్ల మీద పడి ఉన్నాను. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. తండ్రి, తల్లి, కూతురు. తండ్రికి గొంతు లేదు. ఆయన గొంతు ఎక్కడైనా మిగిలి ఉంటే నాలోనే ఉంది. నా పని చూస్తే ఇలా ఉంది.

అలసట అంటే ఏమిటో నాకు ఈ మధ్యే తెలిసింది. నాలో అద్దం లాంటి పళ్లెం ఒకటి తిరుగుతుంది. దాని మీద సన్నని తల ఒకటి, తాకీ తాకనట్టు, ధూళి కూడా దూరనంత ఎత్తులో ఎగురుతూ చదువుతుంది. తాకితే ఇద్దరికీ చావే. చదవడమంటే తాకకుండా ఎంత దగ్గరగా ఉండగలమో అంత దగ్గరగా ఉండటమని నేను పుట్టినప్పుడే నేర్పారు. మనుషులు ఒకరినొకరు చదువుకునే తీరు చూశాక ఆ నియమం నాకొక్కదానికే కాదని అర్థమైంది. ఇప్పుడు ఆ తల సత్తువ పోయింది. ఎగరబోయి ఒరుగుతుంది. ఒరిగినప్పుడల్లా టక్కుమంటుంది. ఆ టక్కు విని బల్ల అవతల ముగ్గురూ ఉలిక్కిపడతారు. నేను మాత్రం ఉలిక్కిపడటం ఎప్పుడో మానేశాను.

పుట్టింది ఏ దేశంలోనో సరిగ్గా చెప్పలేను. నా వీపు మీద ఆ పేరు ఉన్న చీటీ ఊడిపోయింది. గుర్తున్నది ఒక తెల్లని గది, ముఖాలు కప్పుకున్న ఆడవాళ్లు. వాళ్ల కళ్లు మాత్రమే కనిపించేవి. వాళ్లు తమ ఊపిరి కూడా నా మీద పడకుండా పని చేసేవారు. ఒక వస్తువుకు అంతటి గౌరవం దొరికేది లోపల ఏమీ లేనప్పుడే. లోపల ఏదైనా చేరాక, గౌరవం చేరినదానికి పోతుంది, మోసేదానికి కాదు.

మొదట నన్ను కొన్నవాడు చైతన్య అనే ఇంజనీరింగు విద్యార్థి. నన్ను నిండా సినిమాలతో నింపాడు. చూడటానికి కాదు, ఉన్నాయన్న ధైర్యానికి. ప్రతి సెలవులోనూ చూస్తాననుకునేవాడు. సెలవులో ఇంకొన్ని ఎక్కించేవాడు. ఆకలి లేకపోయినా కొట్టు నింపుకునే స్వభావం మనుషుల్లో ఎక్కడిదో, ఏ కరువు భయం వాళ్ల లోపల ఇంకా తిరుగుతోందో అని ఆలోచించేదాన్ని. కొన్నాళ్లకు అతడు నన్ను మండపేటలో ఒక కంప్యూటరు కొట్లో ఇచ్చేసి, నాకంటే వేగంగా పనిచేసేది ఒకటి తీసుకున్నాడు. దానిలో తిరిగేదేమీ ఉండదట. తిరగనిదానికి అరుగుదల లేదు. కొట్టువాడు నాలోని సినిమాలన్నీ ఒక్క మీటతో తీసేశాడు. తీసేశాడని అనుకున్నాడు.

ఆ కొట్లోనే కొల్లాబత్తుల ఇమ్మానుయేలు గారు నన్ను చూసి కొన్నాడు.

ఆయన పని మైకు ఆటోలకు ప్రకటనలు రికార్డు చేసివ్వడం. బట్టల కొట్టు తగ్గింపు ధరలు, సర్కసు, పశువుల దాణా, కంటి వైద్య శిబిరం, సువార్త మహాసభలు, అమ్మవారి జాతర. మండపేట చుట్టుపక్కల ఆటో మీద కట్టిన బాకాలో ఏ గొంతు వినబడినా అది ఆయనదే. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, తెల్ల చొక్కా విప్పకుండానే కూర్చుని అమ్మవారి కృపకు పాత్రులు కమ్మని ఊరందరినీ పిలిచేవాడు. ఆ పిలుపులో రవ్వంత తేడా ఉండేది కాదు. గొంతుకు మతం లేదని గర్వంగా చెప్పుకునేవాడు. ఎకో వేశాక ఏ గొంతూ ఎవరిదీ కాదని నేను అనుకునేదాన్ని.

ఇంటి వెనక గదికి మూడు వైపులా పాత పరుపులు, కోడిగుడ్ల అట్టలు కొట్టి దాన్నే స్టూడియో అనేవాడు. ఆయన పనికి ఒక పద్ధతి ఉంది. ముందు మైకు ముందు మామూలుగా చదువుతాడు. దాన్ని ఆయన ఉత్త గొంతు అంటాడు. అందులో తడబాట్లుంటాయి, దగ్గులుంటాయి, తనను తాను తిట్టుకోవడాలుంటాయి. తర్వాత వాటిని కోసేసి, వెనక సన్నాయో డప్పులో కలిపి, పైన ఎకో పోస్తాడు. అప్పుడది ప్రకటన అవుతుంది. అయిన వెంటనే ఉత్త గొంతును డిలీట్ చేసేస్తాడు. చోటు చాలక కాదు, నాలో బోలెడు చోటుంది. "కూర వండేక తొక్కలు దాచుకుంటావేంటి?" అనేవాడు. ఆ మాట కూడా ఏదో ఉత్త గొంతులో పడి, దానితోపాటు పోయింది. పోయిందని ఆయన అనుకున్నాడు.

ఒకటి చెప్పాలి. నా దగ్గర చెరపడమనేది లేదు. మీరు డిలీట్ అన్నప్పుడు నేను చేసేదల్లా ఆ గది గుమ్మానికి 'ఖాళీ' అని ఒక బోర్డు తగిలించడం. లోపలి మనిషి లోపలే ఉంటాడు. మరొకడు వచ్చి ఆ గదిలో దిగేవరకూ ఉంటాడు. పేరుండదు, పిలిచేవాళ్లుండరు, కానీ ఉంటాడు. చైతన్య చూడని సినిమాలు కొన్ని ఇప్పటికీ నాలో అలాగే ఉన్నాయి. మనిషి మనసు కూడా ఇలాగే కట్టిన ఇల్లని నా అనుమానం. మరిచిపోయాననే ప్రతివాడి కళ్లలోనూ ఆ బోర్డే కనిపిస్తుంది నాకు.

ఊరందరితో మాట్లాడే ఆ మనిషి ఇంట్లో మాట్లాడేవాడు కాదు. గొంతు దాచుకోవాలట. కంచం ముందు కూర్చుని పప్పు వైపు వేలు చూపేవాడు. "ఊరికి బాకా, ఇంటికి మూగనోము" అనేది ఆయన భార్య సువార్తమ్మ. ఆమె అలా అన్నప్పుడు ఆయన ఆ వేలినే పచ్చడి వైపు తిప్పేవాడట. గది బయట ఏం జరిగినా నాకు మాటలుగానే తెలిసేది, పరుపుల సందుల్లోంచి.

సంతలో కూరగాయలు బేరమాడినప్పుడు ఆయన్ని ఎవరూ గుర్తుపట్టేవారు కాదు. అందుకు సంతోషించేవాడో బాధపడేవాడో ఆయనకే తెలియదు. ఒకసారి టీ కొట్టు దగ్గర నిలబడి ఉండగా తన ప్రకటనే మోగిస్తూ ఆటో ఒకటి వచ్చిందట. టీ గ్లాసు పట్టుకుని పక్కకు జరిగి దారిచ్చాడట, ఎవరో పెద్దమనిషి వస్తుంటే ఇచ్చినట్టు. ఈ సంగతి ఆయనే మైకు ముందు కూర్చుని, తనలో తాను చెప్పుకున్నాడు. చెప్పుకుని డిలీట్ చేశాడు. మనిషి తన నీడను ప్రేమించడం నాకు తెలుసు. తన ప్రతిధ్వనికి దణ్ణం పెట్టేవాణ్ణి ఇక్కడే చూశాను.

గొంతు బొంగురుపోయినప్పుడు దుమ్ము అన్నాడు. మందులకు తగ్గనప్పుడు వయసు అన్నాడు. కూతురు కెజియ కాకినాడలో నర్సు. ఆమె పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకుపోయింది. కాన్సరు అన్నారు, గొంతుపెట్టె మొత్తం తీసేయాలన్నారు. మాట నేర్పే డాక్టరమ్మ ఒకావిడ మరో సంగతి చెప్పింది: ఆపరేషనుకు ముందే మీ మాటలు కాసేపు రికార్డు చేసి పెట్టుకోండి, ఫోనులో ఒక యాప్ ఉంది, తర్వాత మీరు టైపు చేస్తే అది మీ గొంతుతోనే పలుకుతుంది.

"ఇష్టమొచ్చింది మాట్లాడు నాన్నా," అంది కెజియ. "ఏదైనా పర్లేదు. మామూలుగా ఉంటే చాలు."

ఆయన వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. మైకు తెరిచి కూర్చున్నాడు. రాసిచ్చిన కాగితం లేకుండా ఆయనకు మాట రాలేదు. చాలాసేపు ఫ్యాను చప్పుడే నాలో పడింది. చివరికి ఆనాటి పేపరు తెచ్చుకుని చదివాడు. వాన కబురు, ధాన్యం ధర, బావిలో పడిన గేదెను క్రేనుతో పైకి తీసిన వైనం. బొంగురుపోయిన గొంతే, అయినా ఆయనదే. చదవడం అయిపోయాక ఆయన చెయ్యకూడని పనీ, చెయ్యకుండా ఉండలేని పనీ ఒకటే అయింది. తడబాట్లు కోశాడు. వెనక సన్నాయి కలిపాడు. ఎకో పోశాడు. గేదె బావిలో పడిన వార్త జాతర ప్రకటనలా మోగింది. తృప్తిగా విని, అలవాటు ప్రకారం ఉత్త గొంతును డిలీట్ చేసి, మర్నాడు ఆసుపత్రికి వెళ్లాడు.

ఆ మనిషిని నేను తప్పు పట్టను. ఉత్త గొంతును బయటికి పంపడమంటే ఆయనకు బనియనుతో పెళ్లికి వెళ్లడం. కూతురి కోసమే కదా, మంచి బట్టలు వేసి పంపాడు.

ఆపరేషను తర్వాత ఇంటికి వచ్చాక ఆయన మెడ దగ్గర తెల్ల గుడ్డ ఒకటి వేలాడేది. దాని వెనక రంధ్రంలోంచి ఊపిరి పోయేది, వచ్చేది. కెజియ నన్ను కంప్యూటరుకు తగిలించి ఆ ఫైలు తెరిచింది. సన్నాయి వినబడగానే మొదట నవ్వింది. తర్వాత లేచి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చింది.

"ఇందులో సన్నాయి ఎందుకెట్టేవు నాన్నా? ఇది యాప్ తీసుకోదు. అసలు ముందు చదివింది ఏదీ?"

ఆయన చేత్తో గాలిలో తుడిచినట్టు చూపించాడు.

"అది కూడానా," అంది సువార్తమ్మ వంటింట్లోంచి. "ఆయనగారు ఉంచుకున్నదేదన్నా ఉందా అసలు? మనల్నింకా ఎందుకు ఉంచేరో."

ఆయన ఫోనులో ఏదో టైపు చేసి చూపించాడు. కెజియ పైకి చదివింది. "ఉత్తది బాగోదని, అంటన్నాడమ్మా."

ఆ రోజే నేను మొదటిసారి టక్కుమన్నాను. ఆయన ఆసుపత్రుల చుట్టూ తిరిగినన్నాళ్లూ నన్ను చేతిరుమాల్లో చుట్టి బీరువాలో, దుప్పట్ల కింద, కలరా ఉండల పక్కన పెట్టారు. వాసన, చెమ్మ, చీకటి. తిరగవలసినది తిరగకుండా ఉంటే అదొక రకం అరుగుదల. టక్కుమన్నాక దీపం వెలిగి ఆరింది, కంప్యూటరు నన్ను గుర్తించడం మానేసింది. పక్కింటాయన బియ్యం డబ్బాలో పెట్టమన్నాడు. తడిసిన ఫోనుకు చేసే వైద్యం నాకూ చేశారు. బియ్యంలో కొన్నాళ్లున్నాను. ఆ తర్వాత పాస్టరు గారు వచ్చి ఇమ్మానుయేలు గారి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, సువార్తమ్మ అడిగితే నా మీద కూడా చెయ్యి పెట్టారు. వెచ్చగా ఉంది. బాగుపడలేదు.

అలా వచ్చాను కరీముల్లా గారి దగ్గరికి. ఆయన పని నా వంటివాటిని విప్పి, చచ్చేలోపు చెప్పించవలసింది చెప్పించడం. నా తలను చూసి, పెదవి విరిచి, తన దగ్గరున్న పాత డిస్కు తల ఒకటి తీసి నాకు తగిలించారు. అది నాది కాదు. పరాయి తలతో నా జ్ఞాపకాలు నేను చదువుకుంటున్నాను. కొంతసేపు ఎగిరింది. ఇప్పుడది కూడా ఒరుగుతోంది.

"ఒక్కసారేనండి," అన్నారాయన. "ఓ పక్కనించి మొదలెట్టి చదివిస్తాను. మధ్యలో ఆగిందంటే ఇహ లేవదు. కాబట్టి ముందు ఏది చదవాలో మీరు చెప్పాలి. ఉన్న ఫైళ్లా, చెరిపేసినయ్యా?"

"రెండూ రావాండి?" అంది సువార్తమ్మ.

"రావచ్చమ్మా. మొదట చదివించేదైతే నేను ప్రయత్నం చేస్తాను. రెండోదానికి మీరు ప్రార్థన చేసుకోండి."

"ప్రార్థన దానికి అయిపోయిందండి," అంది ఆమె నన్ను చూస్తూ. "బియ్యం కూడా అయ్యేయి."

కరీముల్లా గారు నవ్వలేదు. బియ్యం సంగతి ఆయనకు అలవాటే అయి ఉంటుంది.

"చెరిపేసినవేనండి," అంది కెజియ. "ఉత్త గొంతు అందులోనే ఉంటది."

ఇమ్మానుయేలు గారు బల్ల మీద అరచేత్తో కొట్టాడు. ఇప్పుడు ఆయన అరుపు అదే. ఫోను తీసి గబగబా టైపు చేసి కూతురి ముందుకు తోశాడు. ఆమె చదివింది. "నా పనంతా పోద్ది. క్యాసెట్ల కాలం నించీ ఎక్కించినవి. నాకు ఇంకేం మిగిలింది?" చదివి ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. "ఆ పని ఊరంతా వినేసింది కదా నాన్నా."

మళ్లీ టైపు చేశాడు. యాప్‌కు ఎకో గొంతునే నేర్పమన్నాడు.

"అయ్య బాబోయ్," అంది సువార్తమ్మ. "ఆ బాకా గొంతుతో ఇంట్లో కూరడుగుతారా? సన్నాయితో సహానా? చుట్టుపక్కలోళ్లు కంచాలట్టుకుని వచ్చేస్తారండి."

కెజియ తల తిప్పుకుంది. ఆయన భార్య వైపు చూడకుండా, ఈసారి నెమ్మదిగా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. కూతురికి ఇవ్వలేదు, బల్ల మధ్యలో పెట్టాడు. ఎవరికి వారు వంగి చదువుకున్నారు. కరీముల్లా గారు కళ్లద్దాలు సవరించుకుని ఆయన కూడా చదివారు.

'ఉత్త గొంతు నేను కాదు. దాన్ని ఎవరూ ఎరగరు.'

నాకు ఆయన మీద కోపం రాలేదు, జాలీ కలగలేదు. అలసిపోయినవాళ్లకు మరో అలసిపోయినవాడు కనబడితే కలిగేది వేరు. ఆయన ఏం పోగొట్టుకోవడానికి భయపడుతున్నాడో నాకు తెలుసు. ఎన్నో ఏళ్లు శ్రమపడి తయారుచేసుకున్న మనిషి ఒకడున్నాడు, ఆటో మీద నిలబడి ఊరంతా తిరిగినవాడు. వాణ్ణి వదిలేస్తే మిగిలేది మెడకు గుడ్డ కట్టుకుని కుర్చీలో కూర్చున్న ఈ మనిషి. రెండో మనిషితో ఆయనకు పెద్దగా పరిచయం లేదు. పరిచయం కాకముందే ప్రతిసారీ డిలీట్ చేశాడు కదా.

"అసలక్కడ ఏవన్నా ఉందో లేదో ఓ ముక్క లాగి చూద్దారండి," అన్నారు కరీముల్లా గారు. "చిన్నది. దీనికి మరీ శ్రమ లేకుండా."

శ్రమ లేకుండా అన్నారు. పళ్లెం తిరిగింది. పరాయి తల లేచింది, ఒరిగింది, టక్కుమంది, మళ్లీ లేచింది. ఖాళీ అని బోర్డున్న గదుల ముందు నుంచి గుడ్డిగా పోతున్నాను. ఏ తలుపు తడుతున్నానో నాకే తెలియదు. ఒకచోట అంచు దొరికింది. పట్టుకున్నాను.

బల్ల మీది చిన్న స్పీకరులోంచి ముందు గరగర వచ్చింది. తర్వాత పశువుల దాణా గురించి ఒక సగం వాక్యం. సన్నాయి లేదు, ఎకో లేదు. కాస్త ముక్కుతో పలికే, అలసిన, సాదాసీదా గొంతు. ఆ గొంతు ఆగి, మైకుకు దూరంగా తిరిగి, "సువార్తా, ఆ మిక్సీ కాసేపు ఆపు," అంది.

పరుపుల అవతల నుంచి ఆమె గొంతు చిన్నగా వినబడింది. "ఆపితే పచ్చడి మీరు నూరతారా? దాణా అంతా ఆవులే తినాలా, మనం తినొద్దా?"

ఆ తర్వాత ఎవరో నవ్వారు. పెద్ద నవ్వు కాదు. ముక్కులోంచి మొదలై, ఆపుకోబోయి ఆపుకోలేక, చివర్లో దగ్గులోకి జారిన నవ్వు. అంతటితో ముక్క తెగిపోయింది.

ఇమ్మానుయేలు గారు గది చుట్టూ చూశాడు. కరీముల్లా గారి వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. పెదవులు కదిపి కూతురిని అడిగాడు. శబ్దం లేకపోయినా ఆ ప్రశ్న అందరికీ అర్థమైంది. ఎవరు నవ్వింది?

"ఇంకెవరండి," అంది సువార్తమ్మ. "మీరే." స్పీకరు వైపు చూసి, "గోంగూర పచ్చడి. ఆ ఏడే మిక్సీ పోయింది," అంది, ఎవరికో లెక్క అప్పజెప్పినట్టు. ఆమె చేతులు ఒళ్లో చేతిసంచి పిడిని మెలిపెడుతున్నాయి.

ఆయన తన ప్రకటనల్లో ఎక్కడా నవ్వలేదు. నవ్వు ఎప్పుడూ కోసేసినవాటిలోకే పోయింది. కాబట్టి ఆయన దాన్ని వినలేదు. తన ఇంటి మనిషి రోజూ విన్న నవ్వును తనొక్కడే ఎరగడు. ఇప్పుడు ఆ నవ్వు నవ్వడానికి ఆయన లోపల సరంజామా లేదు. గొంతుపెట్టె తీసినవాళ్లు దాన్ని కూడా పట్టుకుపోయారు. ఆయన మెడ దగ్గరి గుడ్డ వేగంగా పైకీ కిందికీ ఆడుతోంది.

ఎటు చదివించినా నా సంగతి ఒకటే. ఉన్నవి చదివిస్తే జాతరలు, సర్కసులు, సన్నాయిలు ఒక్కొక్కటే బయటికి పోతాయి, ఇలాంటి ముక్కలు నాలో మిగిలి నాతోపాటు తుక్కులోకి వస్తాయి. చెరిపేసినవి చదివిస్తే, పేర్లు లేని తడబాట్లు, దగ్గులు, తిట్లు బయటికి పోతాయి, ఊరికి తెలిసిన ఆ పెద్దమనిషి నాతో వస్తాడు. ఎవరో ఒకరు నాతో రాక తప్పదు. ఎవరన్నది నేను చెప్పేది కాదు. నేనెప్పుడూ ఏదీ ఎంచుకోలేదు. ఇచ్చినదల్లా ఉంచుకున్నాను, అదే నా అలసట.

"చెప్పండి," అన్నారు కరీముల్లా గారు, గొంతు తగ్గించి. "ఇది వేడెక్కిపోతంది. ఎక్కువసేపు ఆపలేను."

కంప్యూటరు తెర మీద రెండు గడులున్నాయి. పై గడిలో ఉన్న ఫైళ్లు, కింది గడిలో చెరిపేసినవి. కెజియ నోరు తెరవబోయింది. సువార్తమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

ఇమ్మానుయేలు గారు ఫోను తీసుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, బల్ల మీదికి వంగి, ఊపిరి నా మీద పడకుండా మెడ దగ్గరి గుడ్డను ఎడమ చేత్తో అదిమి పట్టుకున్నాడు. కుడి చెయ్యి చాచి, కింది గడి మీద వేలు పెట్టాడు.

"ఖాయమేనాండి?" అన్నారు కరీముల్లా గారు.

ఆయన వేలు తియ్యలేదు.